దొర కుక్కకు పోసిన పాలు

నా చిన్నప్పుడు మా ఊరిని కొన్నాళ్లు ఒక కుక్క ఏలింది. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. పెద్దయ్యాక గ్రంథాలయంలో కూర్చొని రాజుల చరిత్రలు చాలానే చదివాను. అంత సుఖంగా రాజ్యం చేసినవాడు వాటిలో ఒక్కడూ కనబడలేదు.

ఇబ్రహీంపట్నానికి కొంచెం దూరంలో చిన్న ఊరు మాది. ఊరి నడుమ దొర గడి, అంటే ఎత్తైన గోడలతో కోటలాంటి ఇల్లు. ఆ గడిలోది ఆ కుక్క. అది ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటివాళ్లు పాలో అన్నమో పెట్టాలని దొర మనుషులు చెప్పి పోయారు. దాని మీద రాయి విసిరినందుకు ఒకతన్ని గడి ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. ఆ తర్వాత ఎవరికీ రెండోసారి చెప్పే పని పడలేదు.

దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు గడుల మీద పడుతున్నారని తెలియగానే దొర పెళ్లాం పిల్లలతో పట్నం పారిపోయాడు. నగలు, తుపాకులు, వెండి చెంబులు బండ్లకెత్తించుకున్నాడు గాని కుక్కను మరిచిపోయాడు. ఆ మీదట ఇండియన్ యూనియన్ మిలిటరీ వచ్చింది. నిజాం రాజ్యం పోయింది. మా ఊళ్లోనూ జెండా ఎగరేసి బెల్లం పంచారు. అందరూ ఆ బెల్లం చప్పరిస్తూ ఇళ్లకు వచ్చి, కుక్కకు అన్నం పెట్టారు.

అప్పటికి మా తమ్ముడు పుట్టి నెల దాటింది. అమ్మకు జ్వరాలు వచ్చి పాలు పడలేదు. మాకున్న ఒక్క మేక ఇచ్చే పాలే వాడికి ప్రాణం. కుక్కకు ఆ సంగతి ఎట్లా తెలిసిందో గాని, రోజూ పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చి కూర్చునేది. మా బాపు మేకను పిండి, సగం పాలు దాని ముందు మూకుట్లో పోసేవాడు. మిగిలిన సగంలో నీళ్లు కలిపి అమ్మ తమ్ముడికి తాగించేది. నా చంకలో వాడు రోజురోజుకూ తేలికవుతున్నాడు. ఏడ్చే ఓపిక కూడా పోయి పిల్లికూనలా మూలిగేవాడు. బాపుకు కొడుకంటే ప్రేమ లేక కాదు. పాలు పోసేటప్పుడు ఆయన చెయ్యి మాత్రమే అక్కడ ఉండేది. కళ్లు ఎటో ఉండేవి.

బాలింతను చూసిపోదామని కోహెడ నుంచి మా మేనత్త వచ్చింది. బాపుకు అక్క. నోరు మంచిది కాదని ఆమెకు పేరు. మర్నాడు పొద్దున బాపు మూకుట్లో పాలు పోస్తుంటే చూసింది.

"ఎవని కుక్కరా ఇది?"

"దొరది అక్కా."

"దొర యాడున్నడు?"

"పట్నంల."

"అయితె పట్నం పోయి దొరకే పొయ్యి తమ్మీ. ఉరుకు, పాలు చల్లారతయ్."

బాపు నవ్వలేదు. "నీకు తెల్వదక్కా. దొర వాపసొస్తే నన్ను బతకనియ్యడు" అన్నాడు, కుక్క వింటుందేమో అన్నట్టు గొంతు తగ్గించి.

అత్త లేచి ఆయన మెడ పట్టుకొని కుక్క వైపు తిప్పింది. "జర సక్కగ చూడు. దొర మొకం గాదు, దీని మొకం చూడు. చెవ్వుకు పుండు. ముందటి పండ్లు లేవు. ఊరంత మేపితె బలిసి నడువ చాతనైత లేదు. గిదేనా నిన్ను ఏలేది? నీ కొడుకును చూసినవా, ఎట్లున్నడో?"

మూకుడు లాక్కొని "హడ్" అన్నది. అంతే. కుక్క తోక ముడుచుకొని పక్కింటికి పోయింది. పక్కింటాయన గిన్నె పట్టుకొని ఎదురొచ్చాడు. అత్త తుపుక్కున ఉమ్మింది.

ఆ రోజంతా బాపు గడి వైపే చూస్తూ గుమ్మంలో కూర్చున్నాడు. "ఎవలన్న వచ్చిన్రా? గడికేసిన తాళమన్న దిగొచ్చిందా?" అని అత్త అడుగుతూనే ఉంది.

అత్త వెళ్లిన మర్నాడు కుక్క మళ్లీ వచ్చింది. బాపు చేతిలో పాల చెంబు. బాపు నడుము తనంతట తానే వంగింది, చెంబు కూడా ఒరిగింది. అక్కడ ఆగిపోయాడు. ఆ కుక్కను అప్పుడే ఎవరో తెచ్చి నిలబెట్టినట్టు చెవుల నుంచి తోక దాకా చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి చెంబు మొత్తం అమ్మ చేతికిచ్చాడు. కుక్క మధ్యాహ్నం దాకా కూర్చొని పోయింది. వేసవి వచ్చేసరికి తమ్ముడు ఇల్లంతా పాకుతున్నాడు.

బాపు అన్నట్టే దొర వాపసు వచ్చాడు, నెత్తిన ఖద్దరు టోపీతో. సగం ఊరు చేతులు కట్టుకొని గడి ముందు నిలబడింది. గేటు దగ్గర పడుకున్న కుక్కను ఆయన గుర్తే పట్టలేదు. "ఈ గజ్జికుక్కను ఎల్లగొట్టుండ్రి" అన్నాడు. అన్నాళ్లూ దాన్ని మేపినవాళ్లే రాళ్లందుకున్నారు. బాపు రాయీ తీయలేదు, చేతులూ కట్టుకోలేదు. పొలానికి పోయాడు.

స్వేచ్ఛ గురించి లావుపాటి పుస్తకాలు చదివాను. చదివినందుకు గర్వమూ ఉంది. అయినా ఈనాటికీ ఎవరో పెద్దమనిషి కారు దిగితే, నాకంటే ముందే నా ఒళ్లు లేస్తుంది. అప్పుడు ఒక్క క్షణం ఆగి, దిగినవాణ్ని నిదానంగా చూస్తాను. నేను లేచి నిలబడదగ్గవాళ్లు అరుదుగా ఉంటారు. చాలాసార్లు మళ్లీ కూర్చుంటాను.