గోరుతో కొట్టి చూసే ఆయమ్మ

నా షుగరు సూదులు చెత్తబుట్టలో వేయకుండా ఖాళీ ఫినాయిల్ డబ్బాలో ఎందుకు వేస్తానని అడిగావు కదా, చిన్నీ. కంబదూరు దగ్గర మా ఊరి ఆస్పత్రిలో ఊడ్చే ఆయమ్మ నేర్పింది. ఏ డబ్బా కనబడినా గోరుతో టకటక కొట్టి చూసేది.

"మెత్తగుంటే సూదికి దావ ఇచ్చినట్లేనక్కా. గట్టిగుండాల, మూత బిగువుండాల, ముక్కాలు నిండితే మూసేయాల," అనేది.

ఆస్పత్రికి సూదుల కోసమని అట్లాంటి తెల్ల డబ్బా ఒకటి వచ్చింది. కాంపౌండరు దాన్ని ఇంటికి పట్టుకుపోయి, పురుగు పట్టదని, విత్తనం అలసందలు పోసుకున్నాడు. సూదులన్నీ గ్లూకోజు సీసాల అట్టపెట్టెలో పడ్డాయి. నేను షుగరు చూపించుకోవడానికి వెళ్లిన రోజే ఆయమ్మ ఆ పెట్టె ఎత్తింది. అట్టను చీల్చుకుని ఒక సూది అరచేతిలో దిగింది.

"ఈ సూది ఎవురికేసిండేదన్నా?" అని అడిగింది.

"కండ్లు యాడ పెట్టుకున్యావు? చూసి ఎత్తాల గదా," అన్నాడు కాంపౌండరు.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. అయినా ఊరుకోలేకపోయాను. "ఆయమ్మ కండ్లు సరే, ఆ డబ్బా యాడ పెట్టినావప్పా?"

"పోనీలేమ్మా, ఇంకోటి వస్తాది," అని నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

రక్తపరీక్షలకని ఆయమ్మ ఆరునెలలు అనంతపురం బస్సెక్కి తిరిగింది. రోగమేదీ రాలేదు. కానీ ఆ ఆరునెలలూ భయంతో మనవరాలికి చేత్తో ముద్ద కలిపి పెట్టలేదు. కాంపౌండరు ఎదురైనప్పుడల్లా చీపురు పక్కన పెట్టి అదే అడిగేది.

"ఆ సూది ఎవురికేసిండేదన్నా?"