పాప ఇన్‌చార్జ్

ఇది ఒక మహాకావ్యం. ఇందులో రాజ్యముంది, వారసత్వముంది, సింహాసనం కోసం అన్నాచెల్లెళ్ల పోరు ఉంది, వేపాకు ప్రయోగముంది, మూడు గంటలు కొట్టేలోపు కోటగుమ్మం దాటాల్సిన వీరవనిత ఉంది.

అని మొదలుపెట్టి, రెండు పేజీలు రాసి, చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. రాజ్యమంటే పార్లమెంటు సీటు, అదీ చేతికి రాలేదు. కోట అంటే ఎన్నికల అధికారి ఆఫీసు, దాని ఎదురుగా ఒక జిరాక్స్ షాపు. ముఖ్యపాత్రకు పదహారు నెలలు, ఎనిమిది పళ్లు. కాబట్టి కావ్యమేమీ కాదు. మా అక్క ఎంపీగా నామినేషన్ వేయడానికి పోయిన నాటి సంగతి, అంతే.

మాది కనకమామిడి. ఊళ్లో సగం పొలాలు, సగం పట్నం వాళ్ల ఫామ్‌హౌస్‌లు. పొలాల్లో మేముంటాం, ఫామ్‌హౌస్‌లలో ఆదివారాలు ఉంటాయి. మా ఇంట్లో కూరగాయలతో పాటు రాజకీయం కూడా పండిస్తారు, దిగుబడి అంతంత మాత్రం. మా బాపు పోయాక ఆ సేద్యం ఆయన అన్న చేతికి, అంటే మా పెద్దబాపు చేతికి వచ్చింది. ఈసారి ఎంపీ టికెట్ ఆయన తన కొడుక్కి అడిగాడు. పార్టీ మాత్రం జెడ్పీటీసీగా ఐదేళ్లు చేసిన మా అక్కకు ఇచ్చింది. టీవీలో పేరు వచ్చినప్పుడు అక్క పాపకు పప్పన్నం తినిపిస్తోంది. పేరు వినగానే "అయ్యో" అంది. మేమంతా కంగారుపడ్డాం. పాప ముద్ద ఉమ్మేసిందట.

పెద్దబాపు చాలా సంతోషించాడు. ఆయన సంతోషించేటప్పుడు గొంతు సవరించుకుంటాడు.

"సంతోషమే బిడ్డా. కానీ చంటిపిల్ల తల్లివైతివి. ఏడు అసెంబ్లీలు తిరగాలె, ఎండలు జూస్తే గిట్ల ఉన్నయి. ఎందుకన్నా మంచిది, అన్నతోని డమ్మీ వేయిద్దాం."

డమ్మీ అంటే తిట్టు కాదు, పద్ధతి. అసలు అభ్యర్థి నామినేషన్ ఏ కారణంతోనైనా పడకపోతే పార్టీకి మనిషి ఉండాలి గనక, ఇంకొకరితో కూడా వేయించి పెట్టుకుంటారు. అక్కది పడితే అన్నది దానంతటదే పోతుంది. అక్కది పడకపోతే అన్నే అభ్యర్థి. పెద్దబాపు ముందుచూపు గల మనిషి. ఆ చూపు ఎప్పుడూ కొడుకు వైపే ఉంటుంది.

అన్న చెడ్డవాడు కాదు. ఆయనకు పది నెలల కవలలు, ఇద్దరూ మగపిల్లలు. వాళ్ల పేర్లు అన్నకు బాగా తెలుసు. ఏ పేరు ఎవరిదో మాత్రం వదిన పక్కన ఉంటేనే చెప్పగలడు. ఇద్దరు చంటిపిల్లల తండ్రి ఏడు అసెంబ్లీలు ఎట్లా తిరుగుతాడని ఎవరికీ బెంగ కలగలేదు. ఒక్క పిల్ల తల్లి విషయంలో మాత్రం మా ఇంటిముందు రోజూ సలహాలిచ్చేవాళ్ల చెప్పులు పేరుకుపోయేవి.

మొదటి ఎన్నికల మీటింగు మా వాకిట్లోనే జరిగింది. మొయినాబాద్‌లో బైక్ ర్యాలీ, చేవెళ్ల సభకు కుర్చీలు, ఆ తర్వాతి అంశం పాపకు పాలు మాన్పించడం. నేను కల్పించి చెప్పడం లేదు. పన్నెండు మంది మగవాళ్లు, అందులో ఒకాయన విత్తనాల డీలర్, ఒక పిల్ల తల్లిపాలు ఎప్పుడు మానాలో చేతులెత్తి తీర్మానించారు. అక్క ఆ మీటింగులో లేదు, లోపల పాపకు పాలిస్తోంది. నామినేషన్‌కు ముందే మాన్పిస్తే మేలని పంతులుతో ముహూర్తం కూడా పెట్టించారు.

ముహూర్తానికి పెద్దమ్మ వేపాకు నూరి తెచ్చింది. ఆ చేదు రొమ్ముకు రాస్తే పిల్లలు మొహం తిప్పుకుని ఇక పాలడగరని ఆమె అనుభవం. నలుగురు పిల్లలకు ఆ వైద్యం చేసిన మనిషి. నేను బయట అరుగు మీద ఉన్నాను. లోపలి నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"ఓ అవ్వ! ఇదేం పిల్లనే, ఇంకింత పెట్టుమంటున్నది!"

పెద్దబాపుకు కబురు చేరింది. "రక్తం మనదే" అన్నాడు.

వేపాకు ఓడిపోయాక నన్ను పిలిచారు. మా పార్టీలో ప్రతి మనిషికీ ఒక పదవి ఉంటుంది. మండల ఇన్‌చార్జ్, బూత్ ఇన్‌చార్జ్, మైక్ ఇన్‌చార్జ్, ఫ్లెక్సీ ఇన్‌చార్జ్. నన్ను పాప ఇన్‌చార్జ్ చేశారు. కాన్వాయ్‌లో రెండో కారు నాది. పాలసీసా, రెండు గౌన్లు, ఏనుగుబొమ్మలున్న గులాబీ రంగు సంచి, పాప, నేను. బావ ఉండగా నేనెందుకని మీరడగొచ్చు. బావది గండిపేటలో ఇంటి నుంచే చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బావ మంచివాడు. బావ మీటింగులో ఉన్నాడు. ఈ రెండు మాటలూ ఎప్పుడు చెప్పినా నిజమే.

అక్క పెట్టిన మొదటి ప్రెస్‌మీట్‌లో నీళ్ల గురించి, రోడ్ల గురించి పావుగంట మాట్లాడింది. అయ్యాక ఒక విలేకరి లేచాడు.

"మేడం, మరి పాపను ఎవరు చూసుకుంటున్నరు?"

"మా తమ్ముడు. వానికి వేరే పని లేదు."

నా ఉద్యోగ ప్రయత్నాల ఫలితం అట్లా జిల్లా మొత్తానికి ప్రత్యక్ష ప్రసారమైంది. పక్కనే అన్న కూర్చున్నాడు. అదే విలేకరి ఆయన్ను కూడా గౌరవంగా ఒక ప్రశ్న అడిగాడు.

"అన్నా, ఈసారి వానలు ఎట్లుంటయంటరు?"

చేవెళ్ల కూరగాయల మార్కెట్లో ఇంకో ముచ్చట. ఎండలో పాపను చంకనేసుకుని వస్తున్న అక్కను చూసి టమాటలమ్మే ఒకావిడ నోటి మీద చెయ్యేసుకుంది.

"పసిగుడ్డునేసుకొని ఎండల ఓట్లకొచ్చినవా? తల్లివేనా నువ్వు?"

ఆ మాటంటూనే ఆమె కాలితో ఉయ్యాల ఊపుతోంది. ఆటో ట్రాలీ కింద చీరతో కట్టిన ఉయ్యాల, అందులో ఆమె పిల్లాడు. అక్క వంగి ఉయ్యాలలోకి చూసింది.

"ఎన్ని నెలలక్కా?"

"ఏడోది పడ్డది."

"పొద్దుగాల ఎన్నింటికొచ్చినవు?"

"నాలుగింటికి." ఆమె తన ఉయ్యాల వైపు చూసి ఫక్కున నవ్వింది. "పోనీ తియ్, నా ఓటు నీకే. ఆ పిల్లకు జర టోపీ వెయ్యి."

మా ప్రచారం మొత్తంలో పనికొచ్చిన సలహా అదొక్కటే. టోపీ కొన్నాం.

ఇక నామినేషన్. పంతులు చివరి రోజు మధ్యాహ్నం రెండూ పదికి బ్రహ్మాండమైన ముహూర్తమన్నాడు. మూడింటితో గడువు ముగుస్తుంది. అన్నది మాత్రం పెద్దబాపు ముందురోజే వేయించేశాడు. ఆ రోజు మంచిది కాదు కదా అని అడిగితే, "డమ్మీకి ముహూర్తమెందుకురా" అన్నాడు. ర్యాలీ మొయినాబాద్ నుంచి బయల్దేరింది. ఎక్కడ నలుగురు కనిపించినా పెద్దబాపు బండి ఆపించి దండ వేయించుకున్నాడు. మేం ఆఫీసు చేరేసరికి బ్రహ్మాండమైన ముహూర్తం ఎప్పుడో వెళ్లిపోయింది. గడువుకు అరగంట కూడా లేదు.

గేటు దగ్గర ఎస్సై ఆపాడు. "మేడం, మీరు, మీతోని నలుగురు. అంతకుమించి పంపేది లేదు."

ఆ నలుగురినీ పెద్దబాపు ముందే ఖాయం చేశాడు. తను, అన్న, వకీలు, అక్క పేరు ప్రతిపాదిస్తున్న ఒక ముసలి పెద్దమనిషి. నేను రెండో కారు దిగి పాపతో నిలబడ్డాను. అంతవరకూ బుద్ధిగా ఉన్న పాప అప్పుడే తల్లిని చూసింది. రెండు చేతులూ చాచి, నా చంకలోంచి ఒక్క దూకు దూకి, అక్క మెడ పట్టుకుని వేలాడింది. ఎస్సై వేలితో లెక్కపెట్టాడు.

"ఆరుగురైతున్నరు సార్."

"పాపేంది సార్, పాప మనిషా?" అన్నాడు పెద్దబాపు. ముందురోజు మొయినాబాద్ చౌరస్తాలో ఇదే పాపను రెండు చేతులా పైకెత్తి, రేపటి తెలంగాణ అని జనానికి చూపించిన మనిషి.

"మనిషి కాకుంటే మరేంది? కెమెరాల ఆరుగురు కనబడితే నాకు మెమో వస్తది."

వకీలు ముందుకొచ్చాడు. "ఓటు హక్కు లేనివాళ్లు వ్యక్తుల లెక్కలోకి రారని మనం వాదించొచ్చు."

"వాదించుండ్రి సార్. మూడు దాటినంక తీరిగ్గ వాదించుండ్రి."

"తమ్మునికియ్యి బిడ్డా" అన్నాడు పెద్దబాపు. నాకు వచ్చిన విద్యలన్నీ ప్రయోగించాను. కాకిలా అరిచాను. జేసీబీ చప్పుడు చేశాను. మా మండలంలో పిల్లలు కాకి కంటే ముందు జేసీబీని గుర్తుపడతారు. పాప నన్ను పనిలేని మనిషిని చూసినట్టు చూసి, అక్క చెవి కమ్మ పట్టుకుని ఏడుపు రాగం అందుకుంది.

పెద్దబాపు గొంతు సవరించుకున్నాడు.

"పోనీ తియ్ బిడ్డా, ఫికర్ చెయ్యకు. అన్నది నిన్ననే పడ్డది కద, సీటు ఎక్కడికి పోదు. పాప చూడు ఎట్ల ఏడుస్తున్నదో. పిల్లకంటె సీటు ఎక్కువనా?"

విలేకరుల కెమెరాలు అక్క వైపు తిరిగాయి. కావ్యంలో అయితే ఇక్కడ ఉరుము ఉరమాలి. జిరాక్స్ షాపాయన షట్టర్ సగం దించాడు, భోజనానికి.

"ఎక్కువ కాదు పెద్దబాపు" అంది అక్క. తర్వాత అన్న వైపు తిరిగింది. "అన్నా, నీకు ఇద్దరు కద. వాళ్లను ఇప్పుడు ఎవరు చూస్తున్నరు?"

"ఇంట్ల ఉన్నరు."

"ఇంట్ల ఎవరు చూస్తున్నరు?"

అన్న చాలా సేపు ఆలోచించాడు. "ఇంట్లనే చూస్తున్నరు" అన్నాడు.

ఎస్సై టోపీ తీసి తల గోక్కున్నాడు. నవ్వు దాచుకోవడానికని నా అనుమానం.

"సార్, ఐదుగురు అంటే ఐదుగురే" అంది అక్క. "నేను, పాప, పెద్దబాపు, వకీలు సాబ్, ఈ తాత. అన్న బయట ఉంటడు. అన్నది నిన్ననే అయిపోయింది కద, మళ్ల లోపలికెందుకు?" నా భుజం మీది గులాబీ సంచి తీసి అన్న భుజానికి తగిలించింది. "జర పట్టుకో అన్నా."

పెద్దబాపు కొడుకును చూశాడు, కెమెరాలను చూశాడు. ఏదో అనబోయాడు. అంతలో గేటు తెరుచుకుంది. కెమెరాల ముందు వెనక్కి నడవడం ఆయనకు అలవాటు లేదు, లోపలికే నడిచాడు.

బయట ఎండలో అన్న, నేను మిగిలాం. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, భుజాన ఏనుగుల సంచి. కార్యకర్తలు జై కొట్టాలో వద్దో తేల్చుకోలేక నీళ్లు తాగారు. ఇంతలో అన్న ఫోన్ మోగింది. వదిన.

"ఆఁ, మీటింగుల ఉన్న" అన్నాడు. కాసేపు విన్నాడు. ఫోన్‌ను గుండెకు ఆనించి నా చెవి దగ్గరికి వంగాడు.

"తమ్మీ, పిల్లలకు డైపర్ ఏ సైజురా?"

"బరువెంత?"

"ఎవరిది?"

"పిల్లలదన్నా."

"బరువెంతనే?" అని ఫోన్లో అడిగాడు. అవతల వదిన ఇచ్చిన జవాబు స్పీకర్ పెట్టకుండానే నాకూ, పక్కనున్న కానిస్టేబుల్‌కూ వినిపించింది. అన్న ఓపికగా విని ఫోన్ దించాడు.

"ఒగడు తొమ్మిది కిలోలంట, ఇంకొగడు ఎనిమిది."

"ఇద్దరికీ ఎం సైజు. ప్యాంటు రకం తీసుకో, పాకే పిల్లలకు అదే ఆగుతది."

అన్న నా పెన్ను అడిగి అరచేతిలో రాసుకున్నాడు. ఆయన ఎన్నికల్లో ఏదైనా రాసుకోగా చూసింది అదే మొదలు.

మూడుకు కాస్త ముందు అక్క బయటికొచ్చింది. పాప భుజం మీద నిద్రపోతోంది. నామినేషన్ పడింది. లోపల అధికారి పాపను చూసి, గేటు దగ్గర జరిగిందంతా విని, "చంటిపిల్లను లెక్కవెట్టుమని ఎవరన్నరు?" అన్నాడట. పెద్దబాపు ఆ మాట తలుచుకుని రెండు రోజులు అన్నం సగమే తిన్నాడు. పరిశీలనలో అక్కది నిలబడింది, అన్న డమ్మీ పోయింది.

ఓట్ల లెక్కింపులో అక్క కూడా పోయింది. ఘోరంగా కాదు, చెప్పుకునేంత గొప్పగానూ కాదు. చంటిపిల్లతో ఎట్లయితదని నేను ముందే చెప్పిన కద అన్నాడు పెద్దబాపు. అక్క ఆ మరునాడు పొద్దెక్కేదాకా నిద్రపోయి లేచి, "మళ్లసారి రెండో కారుకు ఏసీ మంచిది చూడు తమ్మీ" అంది. ఆ వానాకాలంలో పాప తనంతట తనే పాలు మానేసింది. దానికి మీటింగు పెట్టలేదు.

అన్న మాత్రం ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. పిల్లలిద్దరూ ఎల్ సైజుకొచ్చారు. ఆ సైజు చేవెళ్లలో ఎప్పుడో గాని దొరకదు. మొయినాబాద్ చౌరస్తా దగ్గరి మందుల షాపులో ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు.