నీళ్లు రాకముందు

మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే ఫోన్ టింగుమంది. మా బంధువుల గ్రూపులో ఎవరో పుణ్యాత్ములు ఒక వీడియో పడేశారు. ఏదో దేశంలో ఆనకట్ట తెగిందట, గుండె గట్టిగా ఉన్నవాళ్లే చూడాలట, చూసినవాళ్లు పదిమందికి పంపాలట, ఇదంతా కింద అరవంలో ఎర్రటి అక్షరాలతో. తెరవకముందే నాకు తెలిసిపోయింది. బూడిదరంగు నీళ్లు, వాటి మీద అడ్డం తిరిగిన పడవ, పసుపు పావడా పిల్ల ఒకతి పరుగెత్తుతూ బోర్లా పడటం. ఆ పిల్ల పేరు కలై. ఆ దేశం పేరు పుట్టి బుద్ధెరిగి విని ఉండదు. పోయినేడు ఇంకో దేశంలో భూకంపం వస్తే అక్కడా ఇలాగే పడింది, అంతకుముందు ఉత్తరాదిన నది పొంగితే అక్కడా పడింది, అదే పావడాతో. మావాళ్లంతా వరసగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టేసి, ఆ వెంటనే ఎవరింట్లోనో పోసుకున్న నేతి దోసెల ఫొటోలు పెట్టుకున్నారు. ఆ వీడియో తీసింది మా చిన్నాయన, సోలై నగర్ సముద్రపు ఒడ్డున, నాకు పదేళ్లప్పుడు.

అరవనేల మీద స్థిరపడిన తెలుగువాళ్లం మేం. అప్పట్లో ముత్తియాల్‌పేటలో ఒక ఇరుకు సందులో ఉండేవాళ్లం. మార్గళి నెల, అంటే ధనుర్మాసం, వచ్చిందంటే తెల్లవారకముందే మా అవ్వ వాకిట్లో పేడనీళ్లు చల్లి, సందు సగం ఆక్రమించేంత ముగ్గు పెట్టి, నడుమ గుమ్మడిపువ్వు గుచ్చేది. కోవెల పొంగలిలోని మిరియాల వాసన, ఎదురింటివాళ్ల క్రిస్మస్ కేకు వాసన, గుమ్మానికి వేలాడే కాగితపు నక్షత్రంలో బల్బు వేడికి కాలే దుమ్ము వాసన, అన్నీ కలిసి ఒకే పండగలా ఉండేవి. ఎండెక్కే వేళకి సెల్వక్క కేక వినపడేది. జాలరులుండే సోలై నగర్ నుంచి నెత్తిన గంపతో నెత్తళ్లో వంజరమో ఏవో చేపలు తెచ్చి మా పెరటి మెట్టు మీద కూర్చుని శుభ్రం చేసిచ్చేది. మాతో తిరిగి తిరిగి మా తెలుగు ఆమెకు వచ్చేసింది. ఆమెను మా అవ్వ ఆ మెట్టు దాటి లోపలికి రానిచ్చేది కాదు. సెలవు రోజుల్లో ఆమె కొంగు పట్టుకుని కూతురు కలై వచ్చేది. నా ఈడుదే, తొక్కుడుబిళ్లలో నన్ను ఒక్కసారి కూడా గెలవనిచ్చింది లేదు.

చిన్నాయన పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. ఆ డిసెంబరులో కొత్త కెమెరా కొని, దాన్ని పసిబిడ్డలా పక్కలో పెట్టుకుని పడుకునేవాడు. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం, దాన్ని పరీక్షించుకుందామని ఒడ్డుకు పోయాడు. ఆ పొద్దు సముద్రం వెనక్కి పోయింది. ఎన్నడూ కనపడని రాళ్లు బయటపడితే, వాటి మధ్య కొట్టుకుంటున్న చేపల కోసం పిల్లలంతా పరిగెత్తారు.

ఆ సాయంత్రం ఎర్ర, పసుపు, తెలుపు తీగలు టీవీకి తగిలించి చిన్నాయన అదంతా మాకు చూపించాడు. మొదట్లో కలై ఉంది. చేపను తోకపట్టి ఎత్తి, ఎండకు కళ్లు చికిలించి, "నేను టీవీలో వస్తానా అన్నా?" అంటోంది. "వస్తావు, వస్తావు, కొంచెం నవ్వు" అని చిన్నాయన గొంతు. ఆ పిల్ల నవ్వింది. పై పన్ను ఒకటి ఊడి ఉంది. అంతలో కేకలు, బొమ్మ ఊగిపోవడం, మెట్లు, చిన్నాయన రొప్పు. ఐస్ ఫ్యాక్టరీ మిద్దె మీదికి చేరి అక్కణ్ణుంచి బ్యాటరీ అయిపోయేదాకా నీళ్లనే తీశాడు. ఆ నీళ్లలోనే కలై పడింది. మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత ఊళ్లో ఎవరూ చేప ముట్టలేదు. ఒకరోజు సెల్వక్క గంప లేకుండా వచ్చింది. కలై దొరకలేదు, ఇల్లు పోయింది, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫొటో గోడతో సహా పోయింది. ఎవరో చెప్పారట, చిన్నాయన దగ్గర కలై ఉందని. మా అవ్వ జీవితంలో మొదటిసారి ఆమెను హాల్లోకి రానిచ్చింది. కలై నవ్వేదాకా చూసి, కేకలు మొదలవగానే సెల్వక్క "చాలు, ఆపండి" అని కొంగు నోట్లో కుక్కుకుంది. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ.

ఇక చూడండి మా సందు సంబరం! మధ్యాహ్నం కాగానే ఆడవాళ్లంతా పనులు ముగించుకుని మా హాల్లో చేరేవాళ్లు. టీవీకి ఎదురుగా కాదు, సెల్వక్కకు ఎదురుగా కూర్చునేవాళ్లు. అవ్వ మురుకులు పెట్టేది. "ఈరోజు ఏడవలేదే!" అని ఒకావిడ నిట్టూర్చింది కూడా, పాపం, ఎండలో నడిచి వచ్చిందట. సెల్వక్క ఎదుటే "ఆ చేపల కడుపులో ఏముండాదో ఎవురికి తెలుసు, నాకైతే వాంతి వస్తాది" అనేది అవ్వ. ఒకరోజు సెల్వక్క చిన్నాయన వైపు తిరిగి మెల్లగా అడిగింది, "మిద్దె ఎక్కేటప్పుడు దాని చెయ్యి పట్టుకోలేదా అన్నా?"

"రెండు చేతులూ కెమెరాకే చాలలేదంట, యాడ పట్టుకునేది?" అంది అవ్వ.

చిన్నాయన సీడీ చేశాడు. విషాదంగా వేణువు పెట్టాడు, కలై పడే చోట బొమ్మను నిదానం చేసి మళ్లీ మళ్లీ పడేట్టు అతికించాడు. మొదటి ముక్క మాత్రం కోసేశాడు. "అందులో ఏముండాది? ఊరికే నిలబడి నవ్వతా ఉండాది. జనానికి నీళ్లు గావాల" అన్నాడు. జనానికి నిజంగానే నీళ్లు కావాల్సి వచ్చాయి, బజారులో బఠాణీల్లా అమ్ముడుపోయాయి ఆ సీడీలు. సెల్వక్క ఒక్కటే అడిగింది.

"నాకు నీళ్లొద్దు అన్నా. ముందరిది చాలు. అదొక్కటే ఒక సీడీలో ఏసి ఇయ్యి."

చిన్నాయన రేపన్నాడు, మాపన్నాడు. పొంగల్ పోయింది, తై మాసపు శుభకార్యాలు మీద పడ్డాయి. ఒక బంధువుల పిల్లాడికి చెవులు కుట్టే వేడుక తీసి, వాళ్లకు ఇచ్చేముందు మాకు వేసి చూపించాడు. మేనమామ ఒడి, పిల్లాడి ఏడుపు, అందరి నవ్వులు, అరిటాకుల్లో భోజనాలు. ఆకులు మడిచారు, అడ్డంగా ఒక నీలిగీత పోయింది, ఆ వెంటనే సముద్రం.

"అయ్యయ్యో! శుభమా అని చెవులు కుట్టించుకుంటే తోకన ఈ పీడ ఏందిరా?" అని అవ్వ చెంపలు వేసుకుంది.

"పాత టేపు అమ్మా. మొదట్నుంచి దాని మీదే తీసేసినా. చివర ఉండేది తుడిచేస్తాలే."

మొదలంటే కలై. దాని మీద ఎవరి పిల్లాడో చెవులు పట్టుకుని ఏడుస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయి ఏదో అనబోతే అవ్వ నా నోరు మూసింది. పెరటి మెట్టు మీద సెల్వక్క చేపలు తోముతోంది, అప్పటికి జనానికి వాంతులు తగ్గి మళ్లీ పులుసు మీదికి మనసు పోయింది. "దానికి చెప్పొద్దండి. కోపమొచ్చి చేపలు తేవడం మానేస్తాది" అని గుసగుసలాడింది అవ్వ. చేపలు తీసుకునేటప్పుడు చిన్నాయన నిబ్బరంగా "నీది భద్రంగా ఉండాదిలే సెల్వీ, తీరిగ్గా ఇస్తా" అన్నాడు. ఆ రోజు పులుసు బాగుందని అందరూ రెండోసారి వడ్డించుకున్నారు.

ఇప్పుడు అవ్వ లేదు. చిన్నాయన స్టూడియో ఉన్న చోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ తీగలు తగిలించే టీవీ లేదు, టేపు తిప్పే కెమెరా లేదు, ఆ సీడీ దొరికినా వేసుకునే పెట్టె మా సందులో ఒక్క ఇంట్లోనూ లేదు. చిన్నాయన మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే కూర్చుని, ఆ వీడియో వచ్చినప్పుడల్లా "మొదట తీసింది నేనే. లోకమంతా చూస్తా ఉండాది" అని మురిసిపోతాడు.

నేను ఊళ్లోనే ఉన్న వైట్ టౌన్‌లో ఉద్యోగం ముగించుకుని అప్పుడప్పుడూ సెల్వక్క దగ్గరికి పోతుంటాను. టేపు సంగతి ఆమెకు నేనెప్పుడో చెప్పేశాను. విని, "మీ ఇంట్లో లేదు, సరే. ఇన్ని ఊర్లు తిరిగింది గదా, యాడనో ఎవురి దగ్గరో అంతా ఉంటాది" అంది.

మొన్న సాయంత్రం పోయేసరికి కొడుకు ఫోన్ ఒళ్లో పెట్టుకుని నా కోసమే చూస్తోంది. ఆనకట్ట వీడియో ఆమెకూ వచ్చింది.

"పాపా, ఇందులో మొదలుండాదా చూడు. నాకు కండ్లు సరిగా ఆనడం లేదు."

వేశాను. నీళ్లతోనే మొదలైంది. లేదక్కా అన్నాను. ఆమె ఫోన్ తీసుకుని చీర చెంగుతో అద్దం తుడిచింది.

"పోనీలే. ఇంకో ఊరికి నీళ్లొస్తే మళ్లీ పంపతారు గదా. అప్పుడు చూద్దాం."