గోడవతలి కుక్క

ఆ వీధిలో ఆమెను అందరూ మిషనక్క అంటారు. సినిమా హాలు తెర వెనక గోడకు ఆనుకుని ఆమె గది, గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను. భర్త ఆ హాల్లోనే ఆపరేటరు. ఆయన అటు చివర బొమ్మ వేస్తుంటే, ఆమె ఇటు చివర బడిపిల్లల చొక్కాలు కుట్టేది. సినిమాలన్నీ ఆమెకు చెవుల్లోంచే వచ్చేవి. పాట వస్తే గుండీలు కుట్టేది, ఫైటు వస్తే మిషను తొక్కేది. ఎలాగూ రెండింటి మోతా ఒకటే కదా!

అలా వచ్చిందే ఆ కుక్క సినిమా కూడా. ఇద్దరు అన్నదమ్ములు, చీటికీమాటికీ పోట్లాటలు, ఒక పసిపిల్ల, ఇంటిల్లిపాదీ ‘పెద్దోడా’ అని పిలుచుకునే కుక్క. పిల్లను కరిచిందన్న నింద దాని మీద పడుతుంది. “మళ్ళీ ఈ గడప తొక్కావో, జాగ్రత్త!” అని యజమాని దాన్ని తరిమేస్తాడు. తర్వాత పసిది నిద్రపోతున్న పెరటి పాక అంటుకుంటుంది. కేకలు, మొరుగుడు, పసిదాని ఏడుపు... అన్నీ గోడలోంచి వినిపించేవి.

ఉన్నట్టుండి అంతా ఆగిపోయేది. మాట లేదు, మొరుగుడు లేదు, సంగీతం కూడా లేదు. మిషనక్క తొక్కడం ఆపి, కళ్ళు మూసుకుని, గోడకు చెవి ఆనించేది. కాసేపటికి హాలంతా ఒక్కసారిగా చప్పట్లు. అలమరలో సూదుల డబ్బా గలగలమనేది.

ఆ నిశ్శబ్దంలో కుక్క ఏం చేసింది?

ఆడపడుచు చూసొచ్చిందని తెలిసి కూర్చోబెట్టి అడిగింది.

“అబ్బ, చెప్తే మళ్ళీ ఏడుపొస్తుంది వదినా! చచ్చిపోయిందనుకున్నా.”

“చచ్చిపోయిందా?”

“లేదు, అనుకున్నా.”

“మరేం చేసిందే?”

“చూస్తుంది... అలా చూస్తుంది. అబ్బా, చెప్తే తెలిసేది కాదు వదినా!”

టికెట్లు చింపే అతన్ని అడిగితే, “ఏమీ చెయ్యదక్కా” అన్నాడు.

“ఏమీ చెయ్యకపోతే చప్పట్లెందుకయ్యా?”

“అందుకేనక్కా!”

ఇక మిగిలింది ఇంటాయన. “నాకేం తెలుసు?” అన్నాడాయన అన్నం కలుపుకుంటూ.

“రోజూ నాలుగాటలు వేసే మనిషికి తెలీదా?”

“సరిగ్గా అక్కడే రీలు అయిపోతుందే. తెర మీద కుడి పక్క పైమూలన చుక్క పడుతుంది. పడగానే తర్వాతి రీలు ఎక్కించిన రెండో బొమ్మ మిషను అందుకోవాలి. లేకపోతే తెర తెల్లబోతుంది, జనం ఈలలేస్తారు. నేను చుక్కని చూడనా, కుక్కని చూడనా? మళ్ళీ తల తిప్పేసరికి అందరూ ముక్కులు చీదుతుంటారు.”

పోనీ, వెళ్ళి చూడకూడదా అంటే, అది బడులు తెరిచే కాలం. గదినిండా కత్తిరించిన బట్ట. ఎక్కడికి పోతుందిలే, గోడవతలేగా అనుకుంది. ఇంటి పక్కనున్నదే ఎప్పుడూ దూరం. ఒకరోజు గోడలోంచి వేరే సినిమా వినిపించింది.

ఏళ్ళు గడిచాయి. ఆపరేటరు పని మానుకున్నాడు. హాల్లో రీళ్ళు పోయి, మీట నొక్కితే తనంతట తానే ఆడే పెట్టె వచ్చింది. ఆ మధ్య కొత్త యజమాని పాత సినిమాలు తవ్వి తీస్తూ, ఆదివారం పొద్దున కుక్క సినిమా అని బోర్డు పెట్టాడు. ఒక్కటే ఆట. మిషనక్క మిషను మీద గుడ్డ కప్పేసింది.

“నువ్వెళ్ళిరా. కుర్చీలో కూర్చుని చూడటం నాకలవాటు లేదు” అన్నాడాయన.

“నాకుందా ఏంటి? పదండి!”

తెర మీద కుక్క కనపడగానే ఆమె నిర్ఘాంతపోయింది. ఇన్నేళ్ళూ ఆమె మనసులో తిరిగింది దూడంత నల్లకుక్క. ఇదేమో బక్కపలచగా, మట్టిరంగులో, ఒక చెవి మడతపడి ఉంది.

“ఆ గొంతుకి ఈ మొహమేంటండీ!”

“పెళ్ళిచూపులకొచ్చావా? చూడు.”

పాక అంటుకుంది. కేకలు, మొరుగుడు, ఏడుపు. ఒడిలో చొక్కా లేకపోయినా ఆమె చేతులు ఆగాయి. అలవాటు కొద్దీ కళ్ళు మూతపడ్డాయి. పక్కన కుర్చీ కిర్రుమంది. తెర మూలన పాత చుక్క పడినట్టుంది, ఆయన లేచి రెండో మిషను కోసం గాల్లోకి చెయ్యి చాపాడు. ఆమె కళ్ళు తెరవకుండానే ఆయన చొక్కా అంచు పట్టి లాగింది.

“కూర్చోండి! రీలు లేదు.”

“ముందు నువ్వు కళ్ళు తెరువు!”

ఇద్దరూ చూశారు.

కుక్క పసిదాన్ని మంటల్లోంచి గుడ్డతో సహా పట్టి తెచ్చి ఇంటి గడప లోపల పెట్టింది. తను మాత్రం బయటే ఆగిపోయింది. వీపు మీద బొచ్చు కాలి పొగలొస్తోంది. ముందుకాలు ఒకటి ఎత్తి, గడప మీదికి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. యజమాని చేయి చాపి పిలిచాడు. అది గడప వంక చూసింది, ఆయన వంక చూసింది. కదల్లేదు. చివరికి ఆయనే గడప దాటి వచ్చి, మట్టిలో దాని పక్కన చతికిలబడ్డాడు.

హాలంతా చప్పట్లు.

“నిజమేనండీ, ఏమీ చెయ్యలేదు” అంది మిషనక్క, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

బయటికొచ్చాక ఆయన, “ఇంత మంచిచోట నేను వెనక్కి తిరిగి నిలబడ్డానన్నమాట” అన్నాడు.

“మీరు తిరక్కపోతే వాళ్ళెవరూ చూసేవాళ్ళు కాదుగా.”

నాలుగడుగులు వేశాక ఆమె ఆగింది.

“అది సరేగానీ, ఆ చెవి ఎందుకండీ అలా మడతపడింది? పుట్టుకతోనేనా?”

“ఇప్పుడు అదెవర్ని అడగమంటావే!”

“టికెట్లు చింపే అతను ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నాడు కదూ?” అంటూ ఆమె వెనక్కి తిరిగింది.