నాలుగోసారి అడిగిన కోటు

టైలరక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు కాలర్లు కుట్టిన మనిషి. అది మూతపడ్డాక, నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఓ ఆఫీసుకు ఇంటర్వ్యూకి వెళ్ళింది. గుమ్మం దగ్గర కూర్చున్నాయన ఆమె వెలిసిపోయిన బట్టలు చూసి, "తుడిచేవాళ్ళు వెనకనుంచి రావాలమ్మా" అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళకుండానే తిరిగొచ్చేసింది.

ఆ ఏడాదే మందుల షాపు పైనున్న గదిలో, ఉద్యోగం వెతుక్కునే పేద ఆడవాళ్ళకు ఆఫీసు బట్టలు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. తెలిసినవాళ్ళు పాతవి పంపేవారు. ఆమె కుట్లు విప్పి, బిగించి, వదులు చేసి, వచ్చిన మనిషికి అచ్చంగా సరిపోయేలా కుట్టేది.

తొమ్మిదేళ్ళు గడిచాయి. మోకాళ్ళు అరిగిపోయాయి. సూదిలో దారం ఎక్కించాలంటే తనతోపాటు ఉండే వదినను పిలవాల్సి వస్తోంది. పంపేవాళ్ళు కూడా చంకల్లో చిరిగినవీ, మరకలు పడ్డవీ మూటగట్టి పడేస్తున్నారు. "సాయం చేస్తున్నారో, ఇల్లు దులుపుకుంటున్నారో!" అని వదిన విసుక్కునేది.

ఆ రోజుల్లోనే ఒకామె నాలుగోసారి వచ్చింది. బక్కపలచని మనిషి, గొంతు పెగలని మనిషి. మూడుసార్లు అదే నీలం కోటు తీసుకెళ్ళి, మూడుసార్లూ ఉతికి తెచ్చి ఇచ్చింది. ఉద్యోగం మాత్రం రాలేదు.

"అక్కా, ఎల్లుండి ఇంకోచోట రమ్మన్నారు. ఆ కోటు మళ్ళీ ఇస్తారా?"

పొద్దుటినుంచీ కుర్చీలోంచి కదలని టైలరక్కకు నడుము పట్టేసి ఉంది. నోరు జారింది.

"కోటేం చేస్తుందమ్మా? లోపలున్న మనిషి నోరు విప్పొద్దూ?"

ఆమె తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తర్వాత టైలరక్కకు చెయ్యి ఆడలేదు. అప్పుడా గుమ్మం దగ్గరాయన అన్నదానికీ, ఇప్పుడు తానన్నదానికీ పెద్ద తేడా కనిపించలేదు. మర్నాడు రిజిస్టరులో చిరునామా చూసి, కోటు చేతికి వేసుకుని బయల్దేరింది. లిఫ్టు లేని మూడంతస్తులు. మలుపు మలుపుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కింది.

తలుపు తీసే ఉంది. మంచంలో ముసలావిడ. కోటు అడిగినామె ఆవిడ కోడలే; అత్తగారిని పక్కకు ఒత్తిగిలజేసి వీపు తుడుస్తోంది. కిటికీ పక్కన మేకుకు ఓ లావుపాటి నోటుబుక్కు వేలాడుతోంది. టైలరక్క ఆయాసం తీరేలోపు దాన్ని తెరిచింది. ఏ మందు ఎన్నింటికి వేసిందీ, జ్వరం ఎంతున్నదీ, డాక్టరు ఏమన్నదీ, అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. ఆరేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు.

"ఇది వాళ్ళకి చూపించావా?"

"ఎందుకక్కా? ఇంటి పనేగా. ఆరేళ్ళు ఏం చేశావని అడుగుతారు, ఊరికే ఉన్నానంటాను."

మంచంలోంచి అత్తగారు గొంతు సవరించుకుంది. "ఊరికేనా? మూడుసార్లు పోదామని చూశాను. ఇది పోనిస్తేగా!"

కోడలు నవ్వింది. టైలరక్క ఆమె నవ్వు చూడటం అదే మొదలు.

"నిన్నటి మాట మనసులో పెట్టుకోకు తల్లీ. ఓపిక లేక అనేశాను. ఇదిగో కోటు. రేపు ఈ పుస్తకం కూడా పట్టుకెళ్ళు. అడిగితే తెరిచి ముందు పెట్టు. నీకు మాట రాకపోయినా అదే చెప్తుంది."

ఆ ఉద్యోగం ఓ చిన్న ఆసుపత్రిలో, రోగుల వివరాలు రాసుకునే కౌంటరు దగ్గర. ఇంటర్వ్యూ చేసినావిడ పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూసిందట. చివరికి తీసుకున్నారు. ఒక పూట పనే. మూడు నెలలు చూసి ఆపైన చెప్తామన్నారు. ఆ పూట అత్తగారి దగ్గర ఉండటానికి ఆడబిడ్డ ఒప్పుకుంది.

కబురు విని టైలరక్క సంతోషించింది. అయినా ఒంట్లోని అలసట ఇసుమంత కూడా తగ్గలేదు. "ఇప్పుడైనా నడుం వాల్చు" అంది వదిన. తొమ్మిదేళ్ళలో మొదటిసారి టైలరక్క కాదనలేదు. 'పది రోజులు సెలవు' అని కాగితం మీద రాసి గది తలుపుకు అంటించింది. మర్నాడు భోంచేసి పడుకున్నది, పొద్దు వాలేదాకా లేవలేదు.