తొమ్మిది రోజుల బురద

ఆరువందల ఇళ్ళ కాలనీలో మురుగునీటి ప్లాంటు నడిపే ఆపరేటరుని అందరూ గ్లాసాయన అంటారు. ఎవరొచ్చినా శుద్ధిచేసిన నీళ్ళు గాజుగ్లాసులో పట్టి, వెలుతురుకెత్తి చూపించడం అతని అలవాటు. "మీ ఇంటి కుళాయి నీళ్ళకన్నా నయం కదండీ?" అని అడిగేవాడు. తాగమని మాత్రం అనేవాడు కాదు.

అధికారులు చూడ్డానికొస్తున్నారని తెలిసిన నెలలోనే, చివరి తొట్టిలో బురద తెట్టులా పైకి తేలడం మొదలైంది. రోజూ కొంత బురద తీసెయ్యడం మామూలే. అతను దానికి మూడింతలు తీయించాడు, వరసగా తొమ్మిది రోజులు. నీళ్ళు అద్దంలా తేరాయి. అధికారులు గ్లాసు పట్టుకుని ఫొటో కూడా దిగారు.

వారం తర్వాత ల్యాబ్ అమ్మాయి పరీక్షగొట్టం తీసుకొచ్చింది. అందులో పరీక్ష మందు కలిపిన నీళ్ళు ముదురు పసుపు తిరిగి ఉన్నాయి.

"అమ్మోనియా ముప్ఫై దాటింది సార్. ఎప్పుడూ రెండే కదా! మన సూక్ష్మజీవులు ఏమైపోయాయి?"

ఏమైపోయాయో అతనికి తెలుసు. అమ్మోనియాను తినేవి ఆ బురదలోనే బతుకుతాయి. గాలి కొట్టే తొట్టిలో అవి దాన్ని నైట్రేటు చేస్తాయి. గాలి తగలని తొట్టిలో ఇంకో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రేటును వాయువుగా మార్చి పైకి వదిలేస్తాయి. మొదటి రకం పెరగడం బహు నిదానం. వాటినే అతను లారీలకెత్తించి పంపేశాడు. ఇప్పుడు ప్లాంటు నీళ్ళు కలిసే వాగులో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

అవి మళ్ళీ పెరిగేదాకా ఆగితే నెల పైనే పడుతుంది. వేరే ప్లాంటు నుంచి బతికున్న బురద తెచ్చి పొయ్యాలి. ఊరి పెద్ద ప్లాంటు నుంచి తేవాలంటే తన మేనేజరుకి జరిగింది చెప్పుకోవాలి. ఇక మిగిలింది ఆసుపత్రి ప్లాంటు. దాన్ని నడిపేది అతని తోడల్లుడు, భార్యకి అక్క మొగుడు.

"మా బావనా? అడగడానికి మీకు నోరెలా వస్తుందండీ?" అంది భార్య.

రెండేళ్ళ కిందట అత్తగారింట్లో, అందరూ భోజనాల దగ్గరుండగా అతను ఒక మాటన్నాడు. "అదీ ఒక ప్లాంటేనా అత్తయ్యా! మా దగ్గర కాళ్ళు కడుక్కునే తొట్టి అంతుంటుంది." అందరూ నవ్వారు. తోడల్లుడూ నవ్వాడు. ఆయన భార్య మాత్రం కంచం తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

అయినా వెళ్ళాడు. తోడల్లుడు కుర్చీ వేశాడు, అంతా విన్నాడు.

"ఎన్ని రోజులు తీయించావు తమ్ముడూ?"

"మూడ్రోజులు అన్నయ్యా."

"అయితే ఒక్క ట్యాంకరు చాలు."

పోశారు. చాల్లేదు. ఐదు రోజులకి ముప్ఫై కాస్తా ఇరవై ఎనిమిదయింది. వాగులో చేపలు చచ్చి తేలాయి. వలతో వాటిని ఎత్తడానికి ల్యాబ్ అమ్మాయి కూడా దిగింది, అతని మొహం చూడకుండా.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాడు. ఈసారి కూర్చోలేదు.

"మూడు కాదన్నయ్యా. తొమ్మిది."

"మొదటే చెప్పుంటే రెండు ట్యాంకర్లూ ఒక్కసారే పోసేవాళ్ళం కదయ్యా. సరే, ఇంకోటిస్తాను. కానీ ఇస్తే నా దగ్గరా అమ్మోనియా పెరుగుతుంది. ఎందుకు పెరిగిందో రిజిస్టర్లో రాయాలి. ఆ పేజీలు నెలనెలా అధికారుల దగ్గరికే వెళ్తాయి."

"గాలి మోటారు ఆగిందని రాసెయ్యండి అన్నయ్యా."

"ఆగలేదుగా," అన్నాడు తోడల్లుడు.

గోడ అవతల మోటారు తిరుగుతూనే ఉంది. తోడల్లుడు రిజిస్టరు గ్లాసాయన వైపు తిప్పి, పైన పెన్ను పెట్టాడు.

'కాలనీ ప్లాంటులో తొమ్మిది రోజులు బురద ఎక్కువ తీసినందువల్ల అక్కడికి రెండు ట్యాంకర్లు ఇవ్వవలసి వచ్చింది' అని రాశాడు గ్లాసాయన.

తోడల్లుడు చదివాడు. "ఎవరు తీశారో, ఎందుకు తీశారో లేదే తమ్ముడూ."

అతను మళ్ళీ వంగాడు. 'అధికారుల ముందు నీళ్ళు బాగా కనపడాలని నేనే తీయించాను' అని రాసి, కింద సంతకం పెట్టాడు. తల ఎత్తేసరికి గదిలో ఎవరూ లేరు. బయట తోడల్లుడు ట్యాంకరు డ్రైవరుని పిలుస్తున్నాడు. వెళ్ళి పైపు పట్టుకోవాలి. అతను రాసింది ఇంకోసారి చదువుకుని బయటికి నడిచాడు.