బయోడేటాలో రాయని ఊరు

నిన్న సాయంత్రం మా అమ్మాయి తన ఫోను నా చేతికిచ్చి, ఉద్యోగాలకు పంపే బయోడేటా తయారు చేసుకున్నాను, ఓసారి చూసి తప్పులుంటే చెప్పమంది. డిగ్రీ అయిన దగ్గర్నుంచి దానికి ఇదే పని, రాసిందే రాయడం, దిద్దిందే దిద్దడం. కళ్ళద్దాలు పెట్టుకొని పైనుంచి కిందిదాకా చదివాను. పేరు, ఫోను నంబరు, చదువు, నేర్చిన పనులు, అన్నీ ఒక్క పేజీలో పొందికగా కుదిరాయి గానీ తండ్రి పేరు లేదు, ఊరి పేరు లేదు. మరిచిపోయావా అంటే, ఈ కాలంలో అవి ఎవరూ రాయరని, అడిగేవాళ్ళు కూడా లేరని నవ్వేసి ఫోను తీసుకుంది. దానికది చిన్న మాటే. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మా రోజుల్లో ఉద్యోగానికి కాగితంతో పనే ఉండేది కాదు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను మా మేనమామ వెంటబెట్టుకుపోయి, పట్నం శివార్లలో ఒక నూలు మిల్లు మేస్త్రీ ముందు నిలబెట్టి, మా అక్క కొడుకు, చెప్పిన పని చేస్తాడు అన్నాడు. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి మర్నాడు రమ్మన్నాడు. అలా ఫిట్టరు పనిలో చేరినవాణ్ణి ఇరవై ఏళ్ళ పైచిలుకు అక్కడే ఉండిపోయాను. పెళ్ళి, కిరాయి ఇల్లు, బిడ్డ పుట్టడం, దాన్ని బళ్ళో వేయడం, అన్నీ ఆ మిల్లును నమ్ముకునే జరిగాయి. తెలంగాణ వచ్చిన సంబరం ఇంకా తీరకముందే మిల్లు మూతపడింది. కిరాయి కట్టే దారి లేక పెళ్ళాం బిడ్డతో మా ఊరికి, నాయిన దగ్గరికి తిరిగి వచ్చేశాను. చౌటుప్పల్‌కు దగ్గరలో ఒక పల్లె మాది. పేరు ఇక్కడ కూడా రాయబుద్ధి కావడం లేదు, అలవాటు అట్లా అయిపోయింది.

నలభై దాటిన మనిషి ఉద్యోగం అడుక్కోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వెళ్ళిన ప్రతిచోటా గేటు దగ్గరే బయోడేటా ఇచ్చి పొమ్మనేవారు. నేనూ ఒక తెల్లకాగితానికి మార్జిను గీసి, పైన శ్రీ చుట్టి, నా పేరు, నాయిన పేరు, కులం, ఎత్తు, చివరికి పదో తరగతి మెమోలో ఉన్నట్టు పుట్టుమచ్చలతో సహా పొందుపరిచి, నేను నీతిమంతుణ్ణి, కష్టపడే స్వభావం గలవాణ్ణి అని ముగించాను. మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసిన అనుభవం ఉన్న మా తోడల్లుడు దాన్ని చూసి, ఎడమ కుడి భుజాల మీద మచ్చలున్నాయని నిన్ను పనిలో పెట్టుకుంటారా అని చాలాసేపు నవ్వాడు. తర్వాత కూర్చోబెట్టి, నీ మంచితనం ఎవరికీ పట్టదు, చేతిలో ఏం పనుందో అది ముందు రాయి అన్నాడు. ఏయే యంత్రాలు విప్పావు, ఏ పంపు బాగు చేశావు, ఆగిపోయిన లైను ఎట్లా నడిపించావు అని ఒక్కొక్కటే అడుగుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళు నేను చేసింది రాసుకోదగ్గ పనే అని అంతకుముందు నాకు తోచనే లేదు. ఆ కాసేపు ఛాతీ కొంచెం ఉబ్బిన మాట నిజం.

అంతా అయ్యాక, సొంత ఊరు అని రాసిన గీత దగ్గర ఆగి, దాన్ని కొట్టేయమన్నాడు. మా ఊరి పక్కనే ఉన్న మందుల ఫ్యాక్టరీకి మా ఊరివాళ్ళంటే పడదు. దగ్గరివాళ్ళయితే ప్రతి పెళ్ళికీ చావుకూ సెలవు పెడతారని పైకి చెప్పేవారు గానీ అసలు సంగతి నీళ్ళు. ఫ్యాక్టరీ వచ్చాక మా బావుల్లో నీళ్ళు పసుపు రంగు తిరిగాయి. పోసిన నారు పోసినట్టే మాడిపోయింది. ఊరివాళ్ళు గేటు ముందు కూర్చున్న ప్రతిసారీ ముందు వరసలో మా నాయినే ఉండేవాడు. పని దొరికే చోటు అదొక్కటే, అందులో చేరాలంటే ఊరు పేరు ఉండకూడదు. ఆధార్ కార్డు మీద పట్నం చిరునామా, మెమో మీద నల్లగొండ బడి పేరు ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదని మా తోడల్లుడు ధైర్యం చెప్పాడు. నేను కలం కింద పెట్టేశాను. అరుగు మీద బీడీ కాల్చుకుంటూ అంతా విన్న నాయిన లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“ఊరి పేరు రాస్తె నౌకరి రాదంటె రాయకురా. ఊరు యాడికి పోతది,” అన్నాడు.

కొట్టేశాను. ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో పైన రాసిన పనుల గురించే అడిగారు. నాకు తెలిసిన విషయాలే కాబట్టి తడుముకోకుండా చెప్పాను. కంపెనీ బస్సు మా ఊరి మలుపు మీదుగానే పోయేది, అయినా నేను చౌటుప్పల్ దాకా బండి మీద పోయి అక్కడ ఎక్కేవాణ్ణి. మలుపు దగ్గర ఆటో కోసం నిలబడ్డ మా వాళ్ళు కిటికీలో నన్ను చూసి తల తిప్పుకునేవారు. మొదట్లో కోపం వచ్చిందనుకొని కుమిలిపోయాను. నన్ను ఎరిగినట్టు కనబడొద్దని నాయిన ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చాడని నాకు తర్వాత తెలిసింది.

రెండో ఎండాకాలం అనుకుంటా, ఊరంతా కదిలి గేటు ముందుకు వచ్చింది. లోపల ఉన్న మేనేజరుకు తెలుగు రాదు, సెక్యూరిటీవాళ్ళు పై రాష్ట్రం వాళ్ళు. నువ్వు పట్నంవాడివి, నెమ్మదస్తుడివి, వీళ్ళ భాష నీకు తెలుసు, నచ్చజెప్పి పంపించు అని నన్ను బయటికి తోశారు. నా వెనకాల ఆఫీసు మనిషి ఒకడు ఫోనులో అంతా తీస్తూ వచ్చాడు. ఎవరో ఒకరు నన్ను పేరు పెట్టి పిలుస్తారు, ఉద్యోగం ఇక్కడితో సరి అనుకున్నాను. గేటుకు అవతల నాతో గోలీలాడినవాళ్ళు, చిన్నప్పుడు నాకు స్నానం పోసిన చిన్నమ్మ, వాళ్ళందరి ముందు తలకు తువ్వాలు చుట్టిన నాయిన. ఒక్కరి నోట కూడా నా పేరు రాలేదు. అందరూ నన్ను ఎప్పుడూ చూడనట్టే చూశారు. నాయిన చేతిలో సీసా పట్టుకొని ముందుకొచ్చి, నాకు నమస్కారం పెట్టాడు.

“సారూ, గీ సీసల నీళ్ళు మా బాయిలయి. మీ పెద్దసార్లకు జర చూపెట్టుండ్రి,” అన్నాడు.

కన్నతండ్రి నమస్కారం పెడితే తిరిగి పెట్టాలో వద్దో కూడా తెలియలేదు నాకు. సీసా తీసుకొని, తప్పకుండా చూపిస్తానండీ అన్నాను. నాయినను మొదటిసారి అండీ అన్నది అప్పుడే. లోపలికి పోయి మేనేజరు బల్ల మీద సీసా పెట్టి, నీళ్ళు చెడిపోయిన మాట నిజమని వచ్చీరాని హిందీలో నాకు చేతనైనంత గట్టిగా చెప్పాను. ఆయన తల ఊపాడు. కొన్నాళ్ళు ఆ సీసా అక్కడే ఉంది, తర్వాత కనబడలేదు.

ఇంటికి వచ్చేసరికి నాయిన అన్నం తింటున్నాడు. ఊరందరి ముందు నన్ను సారు అంటావా అని అడిగితే తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

“ఆడ కొడుకా అంటె నీ బిడ్డ ఫీజు ఎవడు కడ్తడురా. కూసో, తిను.”

నాకు ఏడుపు ఆగలేదు. ఊరి తరఫున కొట్లాడే మనిషే ఆ ఊరి పేరు నా మీద నుంచి తుడిచి, తన కొడుకును తానే పరాయివాణ్ణి చేసుకున్నాడు. ఊరు మొత్తం ఆయన మాట నిలబెట్టింది. నేను ఆ ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్ళూ ఒక్కరూ నోరు జారలేదు. నేను తెచ్చిన జీతంతో నా బిడ్డ చదివింది, వాళ్ళ బావులు మాత్రం బాగుపడలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకొని చూసుకుంటే నాకిప్పటికీ మనసు కుదుటపడదు.

నాయిన పోయి కొన్నేళ్ళయింది. ఊళ్ళోకి నల్లా నీళ్ళు వచ్చాయి. పంట లేని పొలాలకు ప్లాట్ల ధర పలకడంతో ఒకరి తర్వాత ఒకరు అమ్ముకొని తలా ఒక దిక్కు పోయారు. నేనూ అమ్మేసి చౌటుప్పల్‌లో ఉంటున్నాను. మొన్న పని మీద అటు పోయి, మా ఇల్లు ఉన్న జాగాలో కాసేపు నిలబడ్డాను. అక్కడ హద్దురాళ్ళు పాతిస్తున్న ఒకాయన దగ్గరికి వచ్చి, ప్లాటు చూడ్డానికి వచ్చారా, మీది ఏ ఊరు అని మర్యాదగానే అడిగాడు. ఈ ఊరే అన్నాను. ఎన్నేళ్ళ తర్వాతో ఆ మాట నా నోట వచ్చింది. ఆయన నమ్మినట్టు లేదు. నన్ను చూపించి, అవును, ఇతను ఫలానా ఆయన కొడుకు అని చెప్పేవాళ్ళ కోసం చుట్టూ చూశాను గానీ, అక్కడ నిజంగానే నన్ను ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు.